సభలో ప్రశ్న, కార్యాలయంలో కదలిక
(నకిరేకల్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శాసనసభ్యుడు అనగానే మనకు సిఫారసు లేఖ, షాదీ ముబారక్ చెక్కు, ఇఫ్తార్ విందు గుర్తుకు వస్తాయి. ఆయన అసలు పని వేరు. ప్రజల సొమ్మును, ప్రజల ఆస్తిని ప్రభుత్వం ఎట్లా వాడుతున్నదో కనిపెట్టి ఉండటం, అవసరమైనప్పుడు మంత్రి చేత సభలో జవాబు చెప్పించటం ఆ పని. ఈ నేలకు ఇది కొత్త మాట కాదు. నర్రా రాఘవరెడ్డి గారు 1967 మొదలుకొని 1994 వరకు ఆరు పర్యాయాలు ఇక్కడి నుండే శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన పార్టీ ఈ రాష్ట్రంలో ఏనాడూ మంత్రివర్గంలో చేరలేదు. చేతిలో అధికారం లేని మనిషిని ఓటర్లు ఆరుసార్లు గెలిపించారంటే, అడిగే గొంతుకు వారిచ్చిన విలువ తెలుస్తున్నది.

నేను ప్రభుత్వ గుమాస్తాగా జీవితం గడిపినవాడను. శాసనసభ ప్రశ్నను మేము ఎల్.ఏ.క్యూ. అనేవాళ్ళం. ఏళ్ళ తరబడి బీరువాలో నిద్రించిన ఫైలు, ఆ మూడక్షరాలు వినగానే లేచి కూర్చునేది. భోజన విరామం రద్దు, సెలవు రద్దు, పాత రిజిస్టర్ల దుమ్ము దులపటం. సామాన్యుడు ఇరవై అర్జీలు పెట్టినా రాని కదలిక ఒక ప్రశ్నతో వచ్చేది. అయితే తప్పించుకునే విద్య కూడా కార్యాలయాలకు బాగా తెలుసు. “జిల్లాలో వక్ఫ్ భూములు ఆక్రమణకు గురైనవా?” అని గుండుగుత్తగా అడిగితే “సమాచారం సేకరించబడుచున్నది” అని ఒక వాక్యంతో సరిపెట్టవచ్చు. “ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు ఖబ్రస్తాన్‌కు గెజిట్‌లో ఎంత విస్తీర్ణమున్నది? పహాణీలో ఎంత? అనుభవదారు గడిలో ఎవరి పేరున్నది, ఏ సంవత్సరం నుండి?” అని అడిగితే ఆ వాక్యం పనికిరాదు.

ప్రశ్న వేయటం ప్రతిపక్షం వారి పని మాత్రమే అని కొందరి అభిప్రాయం. 1957 డిసెంబరులో జీవిత బీమా సంస్థ సొమ్ము కోటి రూపాయలకు పైగా ముంద్రా అనే వ్యాపారి కంపెనీలలోకి ఎట్లా వెళ్ళిందని లోక్‌సభలో నిలదీసిన ఫిరోజ్ గాంధీ అధికార పక్షం సభ్యుడే, స్వయానా ప్రధాని అల్లుడు. విచారణ జరిపినది బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి మొహమ్మద్ అలీ కరీం చాగ్లా. ఆయన తలుపులు మూసుకోలేదు, జనం ముందే సాక్షులను విచారించారు. 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

మన విషయానికి వస్తాను. 2009 నుండి నకిరేకల్ షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన స్థానం. ముస్లిం ఇక్కడ అభ్యర్థి కాలేడు. “మనవాడు సభలో లేనప్పుడు మన మాట ఎవరు అడుగుతారు?” అని యువకులు నిరాశ పడుతున్నారు. ఆ నిరాశతో నేను ఏకీభవించను. ప్రశ్నకు మతం లేదు. పైగా, భూమి పోగొట్టుకున్న బాధ మనకంటే ఎక్కువ తెలిసినవారే ఇక్కడి నుండి సభకు వెళుతున్నారు. మనం కాగితం చేతికివ్వకుండా, అడగలేదని వారిని నిందించటం న్యాయం కాదు.

1995 వక్ఫ్ చట్టంలో 98వ సెక్షన్ ఒకటున్నది. వక్ఫ్ బోర్డు పనితీరుపై, వక్ఫ్‌ల నిర్వహణపై ప్రభుత్వం ఏటా ఒక సాధారణ నివేదిక తయారు చేసి శాసనసభ ముందు ఉంచాలని అది చెబుతున్నది. మన సభలలో ముతవల్లీని లెక్క అడుగుతాము, బోర్డును తిడతాము. ఈ నివేదిక ఏ సంవత్సరం వరకు సభకు వచ్చిందని మాత్రం మనలో ఎంతమందిమి అడిగాము? మంత్రి సభలో “చర్య తీసుకుంటాము” అన్నాడనుకోండి, ఆ మాటను వెంటాడటానికి శాసనసభలోనే ప్రభుత్వ హామీల కమిటీ ఉన్నది. దానికి లేఖ రాయటానికి వకీలు అక్కరలేదు, తెలుగు వస్తే చాలు.

కనుక వచ్చే సమావేశాలలోపు ప్రతి గ్రామం నుండి ఖబ్రస్తాన్, ఈద్గా, దర్గా భూముల గెజిట్ నకలు, పాత పహాణీ నకలు తీయించండి. రెండింటి మధ్య గుంటలలో తేడా ఉంటే ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. ప్రశ్నల ముసాయిదా రాసే పని నాది. వాటిని శాసనసభ్యుని చేతికిచ్చి, తీసుకున్నట్లు సంతకం తీసుకునేందుకు మండలానికి ఇద్దరు చొప్పున నాతో రావాలి. పేర్లు ఇవ్వదలచినవారు ఇప్పుడే కార్యదర్శి గారి వద్ద రాయించగలరు.