ఈత లొట్టి నుంచి ఎడారి గావా దాకా

పొద్దు వాలిందంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో కొందరు చాయ్ హోటల్ బెంచీ ఎక్కుతారు, కొందరు ఈతవనం దారి పడతారు.

గీత కార్మికుడు నడుముకు మోకు బిగించి చెట్టెక్కి, కొత్తగా గీసిన చోట లొట్టి కట్టి దిగుతాడు. రాత్రంతా చుక్కచుక్కగా కారిన నీరా తెల్లారేసరికి తియ్యగా ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ అందులోని చక్కెర పులుస్తుంది. అందుకే సాయంత్రానికి అదే కల్లు నురగలు కక్కుతూ ఘాటెక్కుతుంది. ఇంత చక్కటి చెట్టు పానీయంలో అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలపడం ఘోరమైన నేరం.

1970లలో చమురు ధరలు పెరిగాక ఈ ఈతవనాల ప్రాంతం వాళ్లు గల్ఫ్ బాట పట్టారు. మనిషి కువైట్‌లో ఉన్నా ఊళ్లో మాత్రం ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. కొందరు చేరిన చోటు మరీ విచిత్రం: కనుచూపు మేరా ఇసుక, ఒక గుడారం, ఒంటెల మంద.

అక్కడి సాయంత్రం పానీయం గావా, అంటే అరబ్బుల కాఫీ. యాలకులు వేసి కాచి, చెవిలేని చిన్న కప్పులో అడుగున కాస్త పోస్తారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలి. లేదంటే మళ్లీ పోస్తారు. 2015లో యునెస్కో ఈ గావా మర్యాదను వారసత్వ జాబితాలో చేర్చింది. పక్కన పెట్టే ఖర్జూరానికీ మన ఈతకూ చుట్టరికం ఉంది, రెండూ ఫీనిక్స్ జాతి చెట్లే.

గావా దాకా సాగే ఈ దారిలో గల్ఫ్‌కు బయలుదేరే తమ్ముళ్లూ, ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకున్నాకే పాస్‌పోర్టు చేతికివ్వండి.