డబ్బాలో మిగిలిన మాత్రలు
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం మీద ఎవరైనా పావుగంట మాట్లాడాలి అని కమిటీ వాళ్ళు అంటే, డాక్టర్లను అడుగుతారులే అనుకున్నాను. మన బడిలో చదివి డాక్టర్లయిన వాళ్ళు తక్కువేం లేరు. వాళ్ళంతా ఎట్లా తప్పించుకున్నారో గానీ చివరికి నా మీద పడింది. నేను ఇంజనీరును. మురుగునీరు శుద్ధి చేసే ప్లాంట్లు కట్టించడం, నడిపించడం నా పని. అయినా యాంటీబయాటిక్స్ గురించి మాట్లాడతానని ఒప్పుకున్నాను. దానికి కారణాలు రెండు. ఒకటి నా పండ్లు, రెండోది మా అమ్మ.

నా పండ్ల సంగతి ఈ హాల్లో సగం మందికి తెలుసు. బడిలో నన్ను ‘బెల్లం పండ్లోడా’ అని పిలిచినవాళ్ళు ఇక్కడే కూర్చుని నవ్వుతున్నారు, పేర్లు చెప్పను. నాకు వక్కాకు అలవాటు కూడా లేదు. బొగ్గుతో, ఉప్పుతో, వేపపుల్లతో తోమి తోమి చిగుళ్ళు పాడుచేసుకున్నాను గానీ ఆ రంగు పోలేదు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఒక పంటి డాక్టరు నోరు తెరవగానే చెప్పేశాడు: “చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ తాగినట్టున్నావే!” ఇంటికొచ్చి అమ్మను అడిగితే, నాలుగైదేళ్ళ వయసులో మాటిమాటికీ జ్వరం, దగ్గు వస్తుంటే సీసా మందు తాగించామని గుర్తు చేసుకుంది. ఈ మందు కాల్షియంను పట్టుకుంటుంది. చిగురు కింద పన్ను తయారవుతున్నప్పుడే అందులో చేరిపోతుంది. పైన అంటిన మరక అయితే తోమితే పోతుంది, ఇది ఇటుకలో కలిసిన రంగులాంటిది. అందుకే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు ఆ మందు సాధారణంగా ఇవ్వరు.

ఇందులో నాకు నవ్వొచ్చే విషయం ఒకటుంది. ఆ జాతి మందుల్లో మొట్టమొదటిది ఆరియోమైసిన్. దాన్ని అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, మిస్సోరి నుంచి తెచ్చిన మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి కనిపెట్టాడు. 1948లో లోకానికి తెలిసింది. ఆ ప్రయోగశాలలో పరిశోధనలన్నిటికీ పెద్ద ఎవరు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన పోయారు. ఫోలిక్ యాసిడ్ తయారీలో, మెథోట్రెక్సేట్ వెనక కూడా ఆయన చెయ్యి ఉంది. మన సైన్సు సారు ఆయన గురించి పాఠంలో లేకపోయినా ఒక పీరియడ్ అంతా చెప్పారు. ఆ రోజు నేను నోరు మూసుకుని గర్వపడ్డాను. నా పండ్లకు ఆ కథతో చుట్టరికం ఉందని అప్పటికి తెలియదు.

ఆ లెడర్లీలోనే ఇంకోటి జరిగింది. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపితే అవి తొందరగా బరువు పెరిగాయి. అంతే, జబ్బు లేని కోళ్ళకు, పందులకు, దూడలకు కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ మేపడం లోకమంతా పాకింది. మనుషులకు చిట్టచివరి ఆయుధంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను కూడా కోళ్ళ దాణాలో కలిపారు. మన దేశంలో దాన్ని 2019లో నిషేధించారు. ప్రాణం కాపాడే వస్తువును లావెక్కించడానికి వాడటం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇక మన ఇళ్ళలో ఉండే మందులకు వద్దాం. అన్నీ చెప్పను, మనకు బాగా పరిచయమైనవే చెప్తాను.

అమాక్సిసిలిన్ పెన్సిలిన్ కుటుంబానిది. చెవిపోటు, పంటి చీము, కొన్ని రకాల గొంతునొప్పి, న్యుమోనియాలకు ఇప్పటికీ మంచి మందు. విరేచనాలు కావచ్చు, ఒంటి మీద దద్దుర్లు రావచ్చు. కొద్దిమందికి పెన్సిలిన్ అసలు పడదు. నిమిషాల్లో ముఖం వాచి, ఊపిరాడక, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అట్లాంటివాళ్ళు ఆ సంగతి చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోవాలి. పెన్సిలిన్ సూది వేసే ముందు చేతి మీద టెస్టు చేయడం మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

అజిత్రోమైసిన్ మూడు రోజులో ఐదు రోజులో వేస్తారు. కరోనా కాలంలో ఆదోనిలో ఆ మాత్ర మింగని ఇల్లు ఉందా? బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో, ఆస్పత్రిలో చేరిన కరోనా రోగులకు దానివల్ల లాభం లేదని తేలింది. లేదనే ఉంటుంది కదా, కరోనా వైరస్ వల్ల వచ్చింది, ఈ మందు పనిచేసేది బాక్టీరియా మీద. మామూలు జలుబుదీ ఇదే సంగతి. ఈ మాత్ర కొందరిలో గుండె లయను తప్పిస్తుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ అక్కాచెల్లెళ్ళు. ఇవి వాడేటప్పుడు మడమ వెనక గట్టి నరంలాంటిది ఉంటుంది చూడండి, అది వాచి, ఒక్కోసారి తెగిపోయే ప్రమాదం ఉంది. అరవై దాటినవాళ్ళకు, స్టెరాయిడ్ వాడేవాళ్ళకు ఆ భయం ఎక్కువ. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళకు షుగరు పడిపోవచ్చు. పాలు, పెరుగు, కాల్షియం మాత్రలతో కలిపి సిప్రో మింగితే మందు ఒంటికి సరిగా పట్టదు. మాత్ర వేడి చేస్తుందని గ్లాసుడు పాలతో మింగడం మన ఇళ్ళలో అలవాటు కదా, ఇక్కడ అది పనికిరాదు.

డాక్సీసైక్లిన్ నా పాత చుట్టం, టెట్రాసైక్లిన్ తమ్ముడే. గ్లాసు నిండా నీళ్ళతో మింగి అరగంట పడుకోకూడదు. లేకపోతే గొంతు కింద ఇరుక్కుని పుండు చేస్తుంది. ఎండ కూడా తొందరగా కాల్చేస్తుంది, మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. మెట్రోనిడజోల్ వేసుకుంటే నోట్లో ఇనుప రుచి. ఆ రోజుల్లో మందు కొట్టకూడదని డాక్టర్లు చెప్తారు, వెనక బెంచీ వాళ్ళు గమనించాలి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ సూదులు చెవులకు, మూత్రపిండాలకు దెబ్బ. టీబీకి స్ట్రెప్టోమైసిన్ సూదులు వేయించుకుని చెవుడు వచ్చినవాళ్ళు మనకు తెలిసిన పెద్దవాళ్ళలో ఉన్నారు. ఒకప్పుడు టైఫాయిడ్ అంటే క్లోరాంఫెనికాల్. దానివల్ల చాలా అరుదుగా ఎముకల్లోని మజ్జ రక్తం తయారు చేయడమే మానేస్తుంది.

వీటన్నిటికీ భయపడి మందు మానేయమని నేను చెప్పడం లేదు. సరైన జబ్బుకు సరైన మందు ప్రాణం నిలబెడుతుంది. దుష్ఫలితాలు వేసుకున్నవాడికి వస్తాయి. ఇప్పుడు చెప్పబోయేది వేసుకోనివాడికి కూడా వస్తుంది.

నా వృత్తిలో బాక్టీరియా శత్రువు కాదు, మా కూలీ. ప్లాంటులో పెద్ద తొట్టి కట్టి, గాలి ఊది, కోట్లకు కోట్లు బాక్టీరియాను పెంచుతాం. మురికిని తినేది అవే. జీతం అడగవు, పండగ సెలవు అడగవు. ఊరందరి ఇళ్ళలోంచి, ఆస్పత్రుల్లోంచి వచ్చిన బాక్టీరియా అక్కడ కలుస్తాయి. మనం మింగిన మందులో కొంత భాగం మూత్రంలో అట్లాగే బయటికి వచ్చి అదే నీళ్ళలో చేరుతుంది. మందుకు తట్టుకోలేనివి చస్తాయి, తట్టుకున్నవి మిగుల్తాయి. మిగిలినవి ఊరికే ఉండవు. లెక్కల పరీక్షలో మనం ఏం చేశామో అవీ అదే చేస్తాయి. తట్టుకునే విద్య రాసి ఉన్న చిన్న జన్యుముక్కను పక్కదానికి అందిస్తాయి. అది వేరే జాతిదైనా సరే కాపీ కొట్టేస్తుంది.

ఇళ్ళ నుంచి వచ్చేది చాలా కొంచెం. ఫ్యాక్టరీల నుంచి వస్తే? స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రంలో, శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్ళను పరీక్షించి 2007లో అచ్చువేశారు. లీటరులో సిప్రోఫ్లాక్సాసిన్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ! నేను ఆ పేపరు మొదటిసారి చదివినప్పుడు మైక్రోగ్రాములను మిల్లీగ్రాములుగా తప్పు అచ్చువేశారేమో అనుకుని మళ్ళీ లెక్క కట్టాను. తప్పు లేదు. హైదరాబాదు చుట్టుపక్కల తయారైన మందులు లోకమంతా పోతాయి, అది మనకు గొప్పే. వాగులో పోయింది మాత్రం మన దగ్గరే మిగిలింది.

ఇప్పుడు మా అమ్మ సంగతి. ఇందులో తప్పు నాదే, ఎవరి మీదా నెట్టను. 1990లలో ఉద్యోగంలో తిరిగేటప్పుడు సిప్రో, టినిడజోల్ కలిపిన మాత్రలు ఎప్పుడూ నా బ్యాగులో ఉండేవి. విరేచనమైతే రెండు వేసుకునేవాణ్ణి, తగ్గగానే ఆపేసేవాణ్ణి. నిజానికి చాలా విరేచనాలకు ఉప్పు, చక్కెర కలిపిన ఓఆర్‌ఎస్ నీళ్ళే మందు. ఊరికి వచ్చినప్పుడు మిగిలిన మాత్రలు అమ్మ దగ్గర ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి పోయేవాణ్ణి. అమ్మకు మూత్రంలో మంట వచ్చినా, పక్కింటి వాళ్ళకు జ్వరమొచ్చినా ఆ డబ్బాలోంచి ఒకటో రెండో. మా వీధికి అదే మెడికల్ షాపు. కొడుకు ఇంజనీరు, తెచ్చిచ్చాడంటే మంచి మందే అయ్యుంటుందని నమ్మకం.

కొన్నేళ్ళ కిందట అమ్మకు చలిజ్వరం వచ్చి, నడుము పక్కన నొప్పితో లేవలేకపోయింది. కర్నూలు తీసుకుపోయాం. మూత్రం కల్చర్ రిపోర్టు మూడో రోజు వచ్చింది. ఒక్కో మందు పేరు ఎదురుగా ఎస్ అని ఉంటే పనిచేస్తుందని, ఆర్ అని ఉంటే పనిచేయదని. సిప్రో ఆర్. లీవో ఆర్. సెఫిక్సిమ్ ఆర్. సెఫ్ట్రియాక్సోన్ ఆర్. కోట్రైమాక్సజోల్ ఆర్. కిందికి చూస్తూ పోతే మూడే ఎస్‌లు. అందులో నైట్రోఫ్యురంటాయిన్ మూత్రాశయంలో పనిచేస్తుంది గానీ మూత్రపిండం దాకా పోయిన జబ్బుకు సరిపోదన్నారు. అమికాసిన్ మూత్రపిండాలకు దెబ్బ, అమ్మకు అప్పటికే క్రియాటినిన్ ఎక్కువ. మిగిలింది మెరోపెనెమ్ ఒక్కటే. రోజుకు మూడుసార్లు నరంలోకి, పది రోజులు. అది కూడా ఆర్ అయ్యుంటే ఏం చేసేవాళ్ళని డాక్టరును అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా రిపోర్టు మడిచి ఫైల్లో పెట్టాడు.

ఆ డబ్బా వల్లనే ఇట్లా అయ్యిందని నేను నిరూపించలేను. నీళ్ళ ద్వారా వచ్చి ఉండొచ్చు, ఆస్పత్రిలో అంటి ఉండొచ్చు. లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ఒక్క 2019లోనే మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా 12 లక్షల 70 వేల మంది చనిపోయారు. అందులో ఎవరి డబ్బా ఎవరిని చంపిందో ఎవరు చెప్తారు?

మనం ఎల్లెల్సీ కింద బతికినవాళ్ళం. హొస్పేట డ్యాములో నీళ్ళు నిండుగా ఉన్నాయని పేపర్లో చదువుతాం. పైన దారి పొడుగునా మోటార్లు పెట్టి తోడుకుంటే చివరి ఆయకట్టు రైతుకు తడి మట్టి కూడా కనపడదు. తోడుకున్నవాడికి తన ఒక్క మోటారుతో కాలువ ఎండిపోతుందని అనిపించదు. నేనూ అట్లాంటి మోటారు పెట్టినవాణ్ణే. చివరి మడి మా అమ్మది.

అందుకని నేను ఇప్పుడు పాటించేవి చెప్తాను. డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులే. కొన్ని జబ్బులకు పాతకాలం కంటే తక్కువ రోజులు చాలని ఇప్పుడు తేలింది, అయితే ఎన్ని చాలో లెక్క కట్టేది నేను కాదు, ఆయనే. చీటీ లేకుండా కొనను. అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూస్తాను, ఉంటే అది చీటీ మీదే ఇవ్వాల్సిన మందు. సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్ లాంటివాటికి 2014 మార్చి నుంచి షాపువాళ్ళు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలని చట్టం. ఎన్ని షాపుల్లో రాస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మన పూర్వ విద్యార్థుల్లో మెడికల్ షాపులు నడిపేవాళ్ళున్నారు, వాళ్ళ ముఖాలు చూసి ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. చీటీ లేనిదే ఇవ్వనంటే గిరాకీ పక్క షాపుకు పోతుందని వాళ్ళ బాధ. అది నిజమే. ఊళ్ళో షాపులన్నీ ఒక్కమాట మీద ఉంటే తప్ప ఒక్కడివల్ల కాదు.

అమ్మ ఇప్పుడు బాగుంది. ఈ సభకు వస్తానంది, మెట్లెక్కలేదని నేనే వద్దన్నాను. ఆ బిస్కెట్ల డబ్బాలో ఇప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, సూదీదారం ఉన్నాయి. పక్కింటివాళ్ళు వచ్చి అడిగితే “మావాడు ఇవ్వొద్దన్నాడమ్మా, ఇచ్చిందీ వాడే” అని చెప్తుందట.

నా పావుగంట అయిపోయింది, సారు గడియారం చూస్తున్నారు. హాల్లో డాక్టర్లు ఎనిమిది మందో పది మందో కనిపిస్తున్నారు. నేను చెప్పినదాంట్లో తప్పుంటే ఇక్కడే లేచి సరిదిద్దండి. భోజనాల దగ్గర చెప్తే సావనీర్‌లో అచ్చు కాదు.