ఇంగ్లీషు ఈ-మెయిల్‌లో అడిగే పద్ధతి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం పంతుళ్ళం. ఇంగ్లీషు గురించి వీళ్ళు మాట్లాడటమేమిటని కొందరు నవ్వుకోవచ్చును. నవ్వండి, ఫరవాలేదు. కాని మా వల్ల జరిగిన ఒక పొరపాటు ఇక్కడ చెప్పుకోవలసి యున్నది.

మా వద్ద చదివిన ఒక అబ్బాయికి డిగ్రీ మెమోలో పేరు 'ఎండీ' అని పడింది. ఆధార్‌లో 'మొహమ్మద్' అని పూర్తిగా ఉన్నది. మన ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు. 'ఎస్.కె.' వారికీ ఇదే తంటా. సరిచేయమని కాలేజీ ఆఫీసుకు ఈ-మెయిల్ పెట్టాడు: "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ హంబ్లీ రిక్వెస్టింగ్ ఫర్ యూ టు కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్." అంతే! ఏ మెమో, ఏ పేరు, ఏమి మార్చాలి, ఒక్క ముక్క లేదు. మూడు వారాలకు "మీకేమి కావాలి?" అని జవాబు వచ్చింది. ఈలోగా ఉద్యోగ దరఖాస్తు గడువు కాస్తా దాటిపోయింది. ఆ వాక్యం అతనికి నేర్పిందెవరు? మేమే. బ్లాకుబోర్డు మీద వ్రాసి మరీ బట్టీ పట్టించాము.

మర్యాద ఉండటం తప్పు కాదు, దాన్ని ఎక్కడ పెట్టాలో మాకు తెలియలేదు. ఉర్దూలో 'దీజియే' అంటే చాలు, తెలుగులో 'ఇవ్వండి' అంటే చాలు. అదబు క్రియలోనే ఉన్నది. ఇంగ్లీషు 'గివ్'కు ఆ తోక లేదు. కొడుకుకైనా కలెక్టరుకైనా అదే 'గివ్'. అందుకని మనవాళ్ళు 'హంబ్లీ'లు, 'కైండ్లీ'లు కుప్ప పోస్తారు. ఇంగ్లీషులో అడగటం ప్రశ్నగా అడుగుతారు: 'కుడ్ యూ ప్లీజ్ సెండ్ మీ ది ఫారం?' పంపగలరా, అని. 'కుడ్' చూడటానికి భూతకాలమే, కాని ఇక్కడ గడిచిన సంగతి కాదు, మాట మెత్తబడటానికి. ఇంకా గౌరవంగా కావాలంటే 'ఐ వుడ్ బీ గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్' అని మొదలుపెట్టి పని చెప్పాలి. ముందు వుడ్, వెనుక కుడ్, జత తప్పకూడదు.

ఇక వ్యాకరణం. 'రిక్వెస్ట్' క్రియ అయితే వెనుక 'ఫర్' రాదు, 'ఐ రిక్వెస్ట్ ఎ కాపీ'. నామవాచకమైతే వస్తుంది, 'మై రిక్వెస్ట్ ఫర్ ఎ కాపీ'. జవాబుకు 'రిప్లై' ఉండగా 'రివర్ట్' ఎందుకో! మేమూ చాలాకాలం చేసిన తప్పు ఇంకొకటి: 'కుడ్ యూ టెల్ మీ వెన్ కెన్ ఐ కలెక్ట్ ఇట్' కాదు, 'వెన్ ఐ కెన్ కలెక్ట్ ఇట్'. ప్రశ్నలో ప్రశ్న వస్తే లోపలిది మామూలు వాక్యంలా నిలబడాలి. 'డూ ది నీడ్‌ఫుల్' పాత దఫ్తరు మాట, మన ఆఫీసుల్లో నేటికీ నడుస్తూనే ఉన్నది. కాని పనేమిటో అది చెప్పదు.

రెండోసారి అబ్బాయి మా ఇంట్లోనే కూర్చుని వ్రాశాడు. పైన సబ్జెక్టు లైనులో పేరు సవరణ అని, పక్కన హాల్‌టికెట్ నంబరు. లోపల: "డియర్ సర్, మై నేమ్ ఈజ్ ప్రింటెడ్ యాజ్ 'ఎండీ' ఆన్ మై డిగ్రీ మెమో. కుడ్ యూ ప్లీజ్ కరెక్ట్ ఇట్ టు 'మొహమ్మద్'? ఐ హావ్ అటాచ్డ్ మై టెన్త్ క్లాస్ సర్టిఫికెట్."

"హంబ్లీ లేదు, ఏమీ లేదు. గుస్తాఖీ అనుకోరా సర్?" అన్నాడు.

కింద 'థాంక్ యూ' చేర్చమన్నాము. నాలుగో రోజున జవాబు వచ్చింది, ఒరిజినల్ పట్టుకుని రమ్మని.