తుంటి విరిగిన వేళ



భాసుని ‘ఊరుభంగము’న తొడలు విరిగి నేలబడిన దుర్యోధనుని మనమెరుగుదుము. అట్టి పాటు నేడు మన యిండ్ల వృద్ధులకు కలుగుచున్నది. గదాఘాతమువలన గాదు, తడి స్నానాలగదిలో కాలు జారుటవలన. 1998లో హైటెక్ సిటీ ఆరంభమైన పిమ్మట బిడ్డల ఉద్యోగములవెంట మాదాపూర్, గచ్చిబౌలి మేడలకు తరలిన పెద్దలు అక్కడి నునుపురాళ్లపై పడుచున్నారు.

మా మేనత్తగారికిని అట్లే తుంటియెముక విరిగినది. ఎక్స్‌రే కొఱకు కదల్చినపుడెల్ల ఆమె కేక వేసెడిది. “కొంచెము ఓర్చుకో అత్తా” అని నేనే అంటిని. ఇంతలో మత్తువైద్యుడు వచ్చి గజ్జ దగ్గర సూదిమందు వేసెను. అరగంటకు ఆమె నన్ను పిలిచి “అన్నం తిన్నావురా?” అని యడిగెను. నేను చెప్పిన ఓర్పు ఎంత అనవసరమో అపుడు తెలిసినది.

దీనినే నెర్వ్ బ్లాక్ అందురు. విరిగినచోటి నొప్పి నరములగుండా మెదడునకు చేరును. అల్ట్రాసౌండ్ తెరపై జాడ చూచుకొనుచు బుపివకైన్ వంటి మందును నరములున్న పొరలలో నింపుదురు. అది నరములోనికి సోడియమును చొరనీయదు. కనుక నొప్పి ముందునకు సాగదు. రోగి స్పృహలోనే యుండును. ఉపశమనము కొన్ని గంటలు నిలుచును. శస్త్రచికిత్సకు సాధారణముగా వెన్నుసూదియో, పూర్తిమత్తో వేఱుగా కావలెను. వెన్నుసూదికై రోగిని ప్రక్కకు త్రిప్పునపుడు సయితము ఈ బ్లాకు బాధను తగ్గించును.

ఇది సుఖముకొఱకు మాత్రమే గాదు. తీవ్రమైన నొప్పియు, మార్ఫిన్ వంటి మందుల అధికమోతాదును వృద్ధులకు మతిభ్రమ కలిగింపగలవు. 2020లో కాక్రేన్ సంస్థ 49 పరిశోధనలను సమీక్షించి, ఈ బ్లాకువలన కదలికలోని నొప్పి అరగంటలోపల తగ్గుననియు, మతిభ్రమయు తగ్గుననియు తేల్చినది.

వేదనను గూర్చిన విచారణ హైదరాబాదునకు క్రొత్త గాదు. 1888, 1889లలో నిజాము ప్రభుత్వ పోషణలో ఎడ్వర్డు లారీ అను వైద్యుడు క్లోరోఫారము కమిషనులు నడపెను. వాని ముఖ్యతీర్మానము తరువాత తప్పని తేలినది. కాని రోగిని బాధ లేకుండ, క్షేమముగా చికిత్స చేయుటెట్లను ప్రశ్న నిలిచినది.

కావున పెద్దలు పడి లేవలేకపోయినచో ఇంట మంచముపై ఉంచి రోజులు గడపకుడు. కాలు కదలకుండ ఆసుపత్రికి చేర్చుడు. రక్తము పలుచన చేయు మందులు వాడుచున్నచో ముందే చెప్పుడు. “నెర్వ్ బ్లాక్ వేయవచ్చునా?” అని అడుగుడు. తగునో తగదో వైద్యుడు నిర్ణయించును. అడుగుట మన విధి. ఆ ఒక్క ప్రశ్న మీ చెవిని వేయుటకే ఈ రజతోత్సవ వేదిక నెక్కితిని.