పేరు పెట్టని అనురాగము

మన కర్నూలు జిల్లా పడమటి సీమకు నాటకము క్రొత్తది కాదు. కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములకు బళ్లారి పొరుగూరు వంటిది. ఆ బళ్లారిలోనే ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తెలుగు నాటకములు వ్రాసి ప్రదర్శింపజేసిరి. రాఘవగారు ఆ ఊరి పేరునే తమ పేరునకు ముందుంచుకొని ప్రఖ్యాతులైరి. నాటి రంగస్థలముపై స్త్రీపాత్రలను పురుషులు ధరించుట పరిపాటి. స్థానము నరసింహారావుగారి సత్యభామను చూచి ఆంధ్రదేశము మురిసినది. 1956లో వారికి పద్మశ్రీ లభించినది. వేదికపై ప్రణయకలహము నభినయించు ఇద్దరును పురుషులే యని ప్రేక్షకులకు తెలియును. అయినను ఎవరును ముఖము చిట్లించలేదు. ఏలయన, అందొకరి పేరు కృష్ణుడు, వేరొకరి పేరు సత్య. ఆ రెండు పేర్లును ప్రేక్షకుని మనస్సునకు నెమ్మదిని గూర్చినవి.

ఆ పేర్ల అండ లేక, ఇద్దరు పురుషులను పురుషులుగానే నిలిపి వారి నడుమ అనురాగమును చూపబూనిన నాటకమొకటి చీనాదేశమున వెలువడినది. దాని గుణదోషములను గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా ఉద్దేశము.

ఇది అంతర్జాలము ద్వారా భాగములుగా వచ్చిన నాటకము. చీనాభాషలో దీని పేరు ‘చెన్ చింగ్ లింగ్’. ఆంగ్లమున ‘ద అన్‌టేమ్డ్’ అని ప్రసిద్ధి. 2019 జూన్ 27న టెన్సెంట్ సంస్థవారి వీడియో వేదికపై ఆరంభమై, 50 భాగములతో ఆగస్టు నెలలో ముగిసినది. మో షియాంగ్ టోంగ్ షియూ అను కలంపేరుగల రచయిత్రి అంతర్జాలమున ధారావాహికగా వ్రాసిన నవల దీనికి మూలము. తెరపై అడుగుభాగమున వచ్చు ఆంగ్లవాక్యముల సాయముతో ఇది అనేక దేశములకు ప్రాకినది. చేతఫోనుగల కుర్రవాడు కోడుమూరులో కూర్చుండియే దీనిని చూడగలడు.

కథ ప్రాచీనకాలమున జరిగినట్లు కల్పింపబడినది. ఖడ్గవిద్య, మంత్రశక్తి గల వంశములు కొన్ని దేశమును పాలించుచుండును. వానిలో లాన్ వంశము కఠినమైనది. వారి కొండమీద 3,000 నియమములు రాతిపై చెక్కబడియుండును. ఆ వంశపు చిన్నకుమారుడు లాన్ వాంగ్‌జీ మితభాషి, నియమబద్ధుడు. వే ఉషియన్ అను అనాథ బాలుడు మరియొక వంశమున పెరిగినవాడు. మాటకారి, అల్లరివాడు, జాలిగుండె గలవాడు. క్రూరులైన వెన్ వంశమువారిని అందరును కలిసి కూల్చుదురు. పిమ్మట విజేతలు ఆ వంశమున మిగిలిన ముసలివారిని, స్త్రీలను, పసివానిని సైతము వేటాడ మొదలిడుదురు. నిన్న వెన్ సేనలతో పోరాడిన వే ఉషియన్ నేడు ఆ దిక్కులేనివారికి ఆశ్రయమిచ్చును. లోకమాతనిని దుర్మార్గుడని వెలివేయును. ఆతడు కొండకొమ్మునుండి పడిపోవును. పదునారేండ్ల పిమ్మట మంత్రబలమున మరల లోకమునకు వచ్చును.

ఈ నాటకమునందలి గుణములలో మొదట పేర్కొనదగినది ఆ నీతిబలము. శత్రువు ఓడిన పిమ్మట శత్రువు బిడ్డ యెవ్వరివాడు? అను ప్రశ్నను ఇది సూటిగా అడుగును. అనురాగము కేవలము కనుచూపుల వ్యవహారముగాక ఆ ప్రశ్నతో ముడిపడినది. తన మూడువేల నియమములు ఒకవైపు, లోకము వెలివేసిన మిత్రుడు మరొకవైపు నిలువగా లాన్ వాంగ్‌జీ పడు వేదన ఈ కథకు ప్రాణము. మిత్రుని కొరకు ఆతడు తన పెద్దలచేత దండన పొందును. ఆ మిత్రుడు కాపాడిన పసివానిని తాను పెంచి పెద్దచేయును.

రెండవ గుణము సూచనలోని నేర్పు. లాన్ వంశీయులు నుదుట ఒక పట్టీ ధరింతురు. తల్లిదండ్రులు, భార్య, బిడ్డలు తప్ప అన్యులు దానిని తాకరాదు. ఒక గుహలో ప్రాణాపాయము కలిగినప్పుడు లాన్ వాంగ్‌జీ ఆ పట్టీతోనే మిత్రుని మణికట్టును తన మణికట్టునకు కట్టును. మాట ఒక్కటియు లేదు. కాని ఆ నియమమెరిగినవానికి అంతయు తెలియును. వేరొక గుహలో గాయపడి జ్వరముతో నున్న మిత్రునికి ఆతడొక బాణీని వినిపించును. పదునారేండ్ల పిమ్మట ఎవ్వరో ఆ బాణీని వెదురుమురళిపై పలికింపగా, ఆ వాదకుడెవ్వరో ఆతడు తక్షణమే గుర్తించును. లిన్ హై కూర్చిన సంగీతము ఇట్టి ఘట్టములలో సంభాషణకంటె మిన్నగా పనిచేసినది. కన్నులతోనే పలికిన వాంగ్ ఈబో నటన, నవ్వు మాటున దుఃఖమును దాచిన షియావ్ జాన్ నటన ఒకదానికొకటి అమరినవి.

ఇక దోషములు. కథ రెండు భాగములు నడచి, మూడవదాని నుండి గతమునకు మరలి, ముప్పదవ భాగము దాటువరకు అందే నిలుచును. ఓపిక లేనివారు దారి తప్పుదురు. చిత్రాద్భుతములు పలుచోట్ల బొమ్మలాటను దలపించును. వైద్యురాలు వెన్ చింగ్, కథానాయకుని పెంచిన యింటి అక్క జియాంగ్ యాన్లీ చక్కని పాత్రలే గాని, పురుషుల దుఃఖమును పెంచుటకే మరణించినట్లున్నది. ఇంతకంటె పెద్ద లోపమొకటి గలదు. మూలనవలలో వే ఉషియన్ తన శక్తిని అదుపుచేయజాలక ఘోరములకు కారకుడగును. ఆ పాపభారము ఆతనిని గొప్ప పాత్రను చేసినది. నాటకమున చాటున మరియొకడు మురళినూది ఆ ఘోరములు జరిపించినట్లు మార్చిరి. నాయకుడు కడిగిన ముత్యమైనాడు. కాని పాత్ర బరువు తగ్గినది.

అన్నిటికిని మించిన ప్రశ్న అనురాగమును గూర్చినది. నవలలో ఈ యిద్దరును స్పష్టముగా ప్రేమికులు. నాటకమున వారు ‘జీజీ’లు, అనగా ఒకరి అంతరంగమును మరొకరెరిగిన నేస్తములు. ఈ మాటకు చీనాలో గొప్ప సంప్రదాయమున్నది. బోయా అను వైణికుని నాదమునందలి భావమును జోంగ్ జీచి యను మిత్రుడొక్కడే గ్రహించెననియు, ఆ మిత్రుడు మరణింపగా బోయా తన వాద్యపు తంత్రులను త్రెంచివేసెననియు అచటి ప్రాచీనకథ. అంతటి మాటను వాడుకొనుట తెలివియే. కాని కడపటి భాగమున ఆ యిద్దరును విడిపోవుదురు. పిదప కొండమీద ఒకరు పిలువగా వేరొకరు వెనుదిరిగి చిరునవ్వు నవ్వును. అంతటితో తెర పడును. ఏబది భాగములు ఎదురుచూచిన ప్రేక్షకునికి దక్కినది ఒక నవ్వు!

ధ్వనియే కావ్యాత్మయని కాశ్మీరమున ఆనందవర్ధనుడు 9వ శతాబ్దములోనే ప్రతిపాదించెను గదా, చెప్పక చెప్పుట ఉత్తమకావ్యలక్షణము కాదా యని కొందరడుగవచ్చును. నిజమే. కాని ధ్వని అనునది చెప్పగలిగియు చెప్పకుండు కవి యొక్క స్వేచ్ఛ. నోటికి తాళమువేసిన పిమ్మట వెలువడు మౌనమునకు ఆ పేరు తగదు. చీనాదేశమున 1997లో శిక్షాస్మృతి సవరణతో స్వలింగప్రేమ నేరముగా పరిగణింపబడుట ఆగినది; 2001లో మనోవ్యాధుల పట్టిక నుండియు తొలగినది. అయినను 2016 ఫిబ్రవరిలో ఇద్దరు విద్యార్థుల ప్రేమను దాపరికము లేక చూపిన ‘అడిక్టెడ్’ అను నాటకమును కథ ముగియకమునుపే అచటి అంతర్జాల వేదికల నుండి తొలగించిరి. ‘అన్‌టేమ్డ్’ నిర్మాతలకు ఆ పాఠము తెలియును. 2021 తరువాత ఇట్టి నవలల ఆధారముగా తీసిన కొన్ని నాటకములు వెలుగు చూడక నిలిచిపోయినవి. కావున ఈ నాటకమునందలి మౌనములో సగము కళ, సగము భయము. రెంటిని వేరుచేసి చూచుటయే విమర్శకుని పని.

మన సంగతి యేమి? 2018 ఫిబ్రవరిలో విడుదలయిన ప్రశాంత్ వర్మగారి ‘అ!’ అను తెలుగు చిత్రమున నిత్యా మీనన్, ఈషా రెబ్బాలు ధరించిన పాత్రలు ఒకరినొకరు ప్రేమింతురు. తల్లిదండ్రుల యెదుట ఆ మాట చెప్పబూనుదురు. ఆ ధైర్యము మెచ్చదగినది. కాని తుదకు ఆ పాత్రలన్నియు గాయపడిన ఒక యువతి మనస్సులోని తునకలని తేలును. మనవారు ప్రేమకు పేరుపెట్టి, మనుష్యులను మాయము చేసిరి; చీనావారు మనుష్యులను నిలిపి, పేరును మాయము చేసిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 6న మన సర్వోన్నత న్యాయస్థానము, వయస్సు వచ్చినవారి నడుమ ఇష్టపూర్వకమగు ఇట్టి సంబంధము నేరము కాదని తీర్పు చెప్పినది. చట్టము తాళము తీసినది. ఇంటి తలుపు తీయవలసినది గృహస్థులే.

మేము ఈ నాటకమును చూడుడనియే చెప్పుదుము; లోపములున్నను చూడదగిన నాటకమిది. ఇంటిలో కొడుకుగాని కూతురుగాని దీనిని చాటుగా చూచుచున్నట్లు తెలిసినచో, ఫోను లాగికొనుటకు ముందు ప్రక్కన కూర్చుండి ఒక భాగము చూచుట మేలు. వెలివేయబడినవానికి ఆశ్రయమెవ్వరిచ్చిరో, ఇచ్చినవారేమి పోగొట్టుకొనిరో పిల్లలతో ముచ్చటింపవచ్చును. ఆ ముచ్చటలో వారు తమ మాట యేదేని చెప్పదలచినచో చెప్పనిండు, చెప్పదలపనిచో బలవంతపెట్టకుడు. చెప్పినను ఇల్లు తమను వెలివేయదని వారికి తెలిసినచో చాలును.