గుఱ్ఱపు పందెములు: గతము చెప్పు జోస్యము

ప్రతి సంవత్సరము ఏప్రిలు నెలలో ఇంగ్లండునందు, లివర్‌పూల్ నగరము చెంతనున్న ఎయిన్‌ట్రీ మైదానమున, గ్రాండ్ నేషనల్ అను గుఱ్ఱపు పందెము జరుగుచుండును. 1839 నాటికే ప్రసిద్ధి కెక్కిన ఈ పందెమును బి.బి.సి. వారు 1927లో తొలిసారిగా రేడియోలో వినిపించిరి. తక్కిన దినములలో పందెముల జోలికి పోనివారు సైతము ఆ దేశమున ఈ ఒక్క పందెమునకు ఏదో ఒక గుఱ్ఱమును ఎంచుకొందురు. కొందరు పేరు చూచి కాయుదురు, కొందరు జాకీ తొడిగిన చొక్కా రంగు చూచి కాయుదురు. తెలివిగా కాయుచున్నామని తలచువారు మాత్రము గత సంవత్సరముల లెక్కలు ముందు వేసికొని, ఈ వయస్సు గుఱ్ఱము గెలువదు, ఇంత బరువు మోసినది గెలువదు అని పేర్లు కొట్టివేయుచుందురు. ఆ లెక్కలను ఎంతవఱకు నమ్మవచ్చునో మనమిప్పుడు విచారింతము.

ఇది స్టీపుల్ ఛేజ్ అను జాతి పందెము. స్టీపుల్ అనగా చర్చి శిఖరము. 1752లో ఐర్లండునందు ఇద్దరు పెద్దమనుషులు ఒక చర్చి మొదలు మఱియొక చర్చి వఱకు, శిఖరమే గుఱిగా, గోడలను కందకములను దాటుచు పందెము వేసికొనిరనియు, దానినుండియే ఈ పేరు వచ్చినదనియు చెప్పుదురు. మన హైదరాబాదు మలకపేటలో జరుగు పందెములు చదునైన బాటపై వేగమునకు పరీక్ష. గ్రాండ్ నేషనల్ అట్టిది కాదు. 4 మైళ్ళ 2½ ఫర్లాంగుల దూరములో గుఱ్ఱము 30 మారులు కంచె దాటవలెను. పూర్వము 40 గుఱ్ఱముల వఱకు పాల్గొనెడివి. 2024 నుండి ఆ సంఖ్యను 34కు తగ్గించిరి. పైగా ఇది హ్యాండికాప్ పందెము. మేలైన గుఱ్ఱమునకు హెచ్చు బరువును, తక్కువదానికి తక్కువ బరువును కేటాయించి, అన్నిటికిని సమానావకాశము కల్పించుటయే దాని ఉద్దేశము.

మొదట బరువు సంగతి చూతము. 1984 నుండి 2004 వఱకు గల కాలములో, ఆరంభమే చెడి రద్దయిన 1993 పందెమును విడిచినచో, 20 గుఱ్ఱములు గెలిచినవి. వానిలో ఒక్కటియైనను 154 పౌనులకు మించి మోయలేదు. సరిగా 154 మోసి గెలిచినది కూడ 1988లో ఒక్కటే. ఇరువది పందెముల సాక్ష్యము కన్న ఏమి కావలెను? 154 దాటిన ప్రతి పేరును కొట్టివేయుడని సూత్రము పుట్టినది. కాని 2009 నుండి 2012 వఱకు వరుసగా నలుగురు విజేతలు 154గాని అంతకు మించిగాని మోసినవే. 2024లో ఐ యామ్ మాక్సిమస్ 160 పౌనులతోను, 2025లో నిక్ రాకెట్ 162 పౌనులతోను గెలిచినవి. ఆ 2025లోనే 166 పౌనులు మోసిన ఐ యామ్ మాక్సిమస్ రెండవ స్థానమున నిలిచినది.

సూత్రము ఎందుకు చెడినది? బరువు గుఱ్ఱమును అలయించుననుట నాడును నిజమే, నేడును నిజమే. మారినవి చుట్టునున్న పరిస్థితులు. బరువులు నిర్ణయించు అధికారి మేలైన గుఱ్ఱములకును తక్కినవానికిని నడుమ అంతరమును తగ్గించినాడు. అందువలన మేలైన గుఱ్ఱములు అధికముగా వచ్చి చేరినవి. 2012 తరువాత కంచెల లోపలి కొయ్యను తీసి, మెత్తని ప్లాస్టిక్కును అమర్చిరి. కావున పేరు అదియే యైనను, పందెము అదియే కాదు.

ఇక వయస్సు. 1940లో బాగ్‌స్కార్ అను ఏడేండ్ల గుఱ్ఱము గెలిచినది. తరువాత 81 సంవత్సరములు ఏడేండ్లది గెలువలేదు. 2022లో నోబుల్ యేట్స్ అను ఏడేండ్లది, రూపాయికి 50 రూపాయల ధరపై, గెలిచి చూపినది. ఇచ్చట అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఎన్ని గెలిచినవని కాదు, ఎన్ని పరుగెత్తగా ఎన్ని గెలిచినవి? పది గుఱ్ఱములలో తొమ్మిది తొమ్మిదేండ్లవే యైనచో, తొమ్మిదేండ్లది గెలుచుటలో వింత లేదు. ఏడేండ్లవి ఏటేట కొలదిగా మాత్రమే బరిలో దిగెడివి. బరువు విషయమునను ఇదే ప్రశ్న అడుగవలసియున్నది.

ఏ లెక్కకును అందని సంఘటనలును కలవు. 1967లో 23వ కంచె వద్ద, జాకీని పడద్రోసికొనిన ఒక గుఱ్ఱము అడ్డుపడగా, ముందున్నవన్నియు ఒకదానిపై నొకటి పడి నిలిచిపోయినవి. చాల వెనుకబడి వచ్చుచున్న ఫోయినావన్ ఆ గందరగోళమును తప్పించుకొని, రూపాయికి 100 రూపాయల ధరపై, గెలిచినది. ఏ పట్టిక దీనిని ముందుగా చెప్పగలిగెడిది?

ఒకవేళ సూత్రము సరియైనదే యనుకొందము. దానిని పత్రికలన్నియు ప్రకటించును; అందఱును ఆ గుఱ్ఱముపైననే కాయుదురు; బుకీలు దాని ధర తగ్గింతురు. పదింట ఒక్క అవకాశము గల గుఱ్ఱమునకు రూపాయికి 6 రూపాయలే ఇచ్చుచున్నారనుకొనుడు. పదిమారులు రూపాయి చొప్పున కాసి, ఒకమారు గెలిచినచో, అసలుతో కలిపి చేతికి వచ్చునది 7 రూపాయలు. ఎంపిక సరియే, నష్టము మూడు రూపాయలు. మంచి గుఱ్ఱము వేఱు, మంచి బేరము వేఱు.

అట్లని గతమును పరిశీలించుట వ్యర్థమని మేము చెప్పుట లేదు. గుఱ్ఱపు పందెము ప్రధానముగా నైపుణ్యముపై ఆధారపడినదని మన సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పియున్నది. రెడ్ రమ్ 1973లోను, 1974లోను, 1977లోను గెలిచినది. నడుమ 1975లోను, 1976లోను రెండవదిగా వచ్చినది. టైగర్ రోల్ 2018లోను, 2019లోను వరుసగా గెలిచినది. ఆ కంచెలను దాటగలదని, ఆ దూరమును ఓర్చుకొనగలదని ఒక గుఱ్ఱము తానే నిరూపించుకొనిన గతమునకు విలువ కలదు. ఇతర గుఱ్ఱముల వయస్సులను బరువులను కూర్చి దానిపై మోపిన సూత్రమునకు అంత విలువ లేదు.

కావున ఎవరైనను పాత లెక్క చూపి గెలుపు గుఱ్ఱమును చెప్పినచో మూడు సంగతులు అడుగుడు. ఈ లెక్కకు కారణమేమి? ఆ కారణము నేటికిని నిలిచియున్నదా? ఎన్ని పరుగెత్తగా ఎన్ని గెలిచినవి? ఈ మూటికిని సరియైన సమాధానము వచ్చినను, ముప్పది నాలుగింటిలో ముప్పది పేర్లు కొట్టివేయగా మిగిలిన నాలుగింటిలో ఏది ముందు వచ్చునో గతము చెప్పజాలదు. ఇంటి అద్దెకును, పిల్లల చదువునకును తీసియుంచిన సొమ్మును ఆ నాలుగింటిలో దేనిమీదను పెట్టదగదు. పోయినను వంటింటికి తెలియనంత మొత్తమే కాయదగిన మొత్తము.