పరదేశమున అతిథిసేవ

వడ్డన మన తెలుగువారికి క్రొత్త విద్య కాదు. పెండ్లిపందిటిలో విస్తరి ముందు నిలిచి, "ఇంకొక గరిటె, నా మాట కాదనకండి" అని బలవంతపెట్టనిదే మన మర్యాద పూర్తి కాదు. హైదరాబాదులో హోటలు నిర్వహణ చదివి, కొన్నియేండ్లు అచటనే పనిచేసిన నేను, ఆతిథ్యమున నేర్వవలసినది ఇక పెద్దగా లేదనుకొంటిని. ఆ నమ్మకముతోడనే జపానుదేశమునకు వెళ్లితిని. అచట నేర్చిన పాఠములను కొన్నింటిని నేడు మీకు విన్నవింతును.

వృద్ధులు పెరిగి, పనిచేయు చేతులు తరిగిన ఆ దేశము, 2019 ఏప్రిల్ నుండి కొన్ని వృత్తులలో విదేశీయులకు ప్రత్యేకమైన అనుమతి నొసగుచున్నది. హోటళ్లు, సత్రముల పని అందులో నొకటి. 2021 జనవరిలో మన దేశముతో ఇందుకై ఒడంబడిక జరిగినది. వెళ్లదలచినవారు వృత్తిలోను, జపాను భాషలోను పరీక్షలు నెగ్గవలెను. మొదటి తరగతి అనుమతిపై సాధారణముగా మొత్తము 5 ఏండ్ల వరకే ఉండవచ్చును. కుటుంబమును వెంట గొనిపోవుటకు వీలు లేదు. జీతము లెక్కవేసికొనువారు ఈ ఎడబాటును కూడ లెక్కలో వేసికొనుట మంచిది.

నేను పనిచేసినది హకొనె కొండలలోని ఒక చిన్న రియోకాన్. రియోకాన్ అనగా వేడినీటి ఊటల దగ్గర తరచుగా కానవచ్చు పాతకాలపు సత్రము. ఇట్టివి ఆ దేశమున అతిప్రాచీనములు. యమనాషి మండలములో 705వ సంవత్సరమున స్థాపింపబడిన కేయున్‌కాన్ అనునది ప్రపంచములోని హోటళ్లన్నింటిలో పురాతనమైనదిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. సత్రమునకు యజమానురాలిని "ఒకామి" అందురు. అతిథి గుమ్మములో చెప్పులు విడిచినది మొదలు, మరునాడు అతని కారు మలుపు తిరిగి కనుమరుగగువరకు ఆమెదే బాధ్యత. కారు కనుమరుగైనగాని మేమెవ్వరము లోనికి కదలరాదు.

తొలి నెల యంతయు నడచుట, కూర్చుండుట, వంగుట మరల నేర్చుకొంటిని. పలకరింపునకు 15 డిగ్రీలు, స్వాగతమునకు 30, క్షమాపణకు 45 డిగ్రీలు నడుము వంచవలెను. తాతామీ చాపల అంచును త్రొక్కరాదు. గది తలుపును మోకాళ్లపై కూర్చుండి తీయవలెను. అన్నములో పుల్లలను నిలువుగా గ్రుచ్చరాదు. అది చనిపోయినవారికి పెట్టు తీరు. పరుపు పరచునపుడు తలదిండు ఉత్తరమున నుంచరాదని అచటి పెద్ద పరిచారిక చెప్పగా, నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చినది. సముద్రములు దాటి వచ్చినను ఉత్తరదిక్కు నన్ను విడువలేదు!

ఇక మాటల సంగతి. మనము తల అటునిటు ఊపి "సరే" అందుము. వారు దానిని "కాదు" అని తలంతురు. వారు "హాయ్" అన్నచో మనము "ఔను" అని తలంతుము; అనేక పర్యాయములు దాని అర్థము "వినుచున్నాను" అని మాత్రమే. ఇచటనే నేను పొరబడితిని.

ఒకనాటి మధ్యాహ్నము పెద్ద పరిచారిక నాకు ఏదో త్వరత్వరగా చెప్పెను. ఫలాని గదికి వచ్చు బాలునికి "సోబా" పడదు అన్న ముక్క మాత్రము నాకు అందినది. తక్కినది అందకున్నను "హాయ్" అంటిని. సోబా అనునది ఒక ధాన్యము. దాని పిండితో సేమ్యా వంటి వంటకము చేయుదురు. నేను వంటశాలలో ఆ సంగతి చెప్పి నిశ్చింతగా నుంటిని. రాత్రి అతిథులు భోజనశాలలో నుండగా వారి గదిలో పరుపులు పరచితిని. తనిఖీకి వచ్చిన పెద్ద పరిచారిక తలదిండును చేతితో నొక్కి చూచి, ఒక్కసారిగా పాలిపోయెను. ఆ దిండులో నింపినది సోబా పొట్టు. ఆ ధాన్యము సరిపడనివారికి ఊపిరి ఆడక ప్రాణముమీదికి రావచ్చును. మధ్యాహ్నము ఆమె చెప్పిన తక్కిన మాటలు ఆ దిండ్లను గూర్చియే.

ఇరువురము దిండ్లను, పరుపులను, దుప్పట్లను అన్నింటిని మార్చి, చాపలను తుడిచితిమి. బాలుడు నవ్వుచు గదికి వచ్చెను. ఆమె నన్ను ఒక్క మాటయు ననలేదు. మరునాడు మాత్రము, "నిన్న నేను చెప్పినది నీకు ఎంతవరకు అర్థమైనది?" అని యడిగెను. సగమే యని చెప్పితిని. "ఆ మాట నిన్ననే చెప్పియుండవలసినది" అనెను. తెలియలేదని చెప్పుటకు నేను సిగ్గుపడితిని. ఆ సిగ్గునకు వెల ఒక పసివాని ఊపిరి అయియుండెడిది.

అక్కడి పనివారికి "హోరెన్‌సో" అను సూత్రము నేర్పుదురు. నివేదించుట, తెలియజేయుట, సంప్రదించుట అను మూడు మాటల తొలి అక్షరముల కూర్పు అది. పలుకుటకు అది పాలకూర పేరు గనుక ఎవరును మరువరు. నేనును మరువలేదు.

కొన్ని నెలలకు ఆంధ్రదేశమునుండి వృద్ధ దంపతులు వచ్చిరి; శాకాహారులు. సోయాపన్నీరు వేసిన పులుసులో చేప లేదని వంటవాడు చెప్పెను. ముక్క లేని మాట నిజమే. కాని ఆ పులుసునకు మూలమైన నీరు ఎండుచేప తురుముతో కాచినది. అతని దృష్టిలో అది చేప క్రిందికి రాదు. ఈ పర్యాయము నేను "హాయ్" అనలేదు. ఒకామితో సంప్రదించితిని. బౌద్ధ మఠములలో వండు పద్ధతిని సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో వేరుగా నీరు కాచి పులుసు చేసిరి. "ఇందులో చేప లేదు గదా?" అని ఆ పెద్దమ్మ యడిగెను. "లేదండీ, దగ్గర నిలిచి చూచితిని" అని చెప్పగా తృప్తిగా భుజించెను. "ఇంకొంచెము వేసికొనండి, పిన్నిగారూ" అని మన పద్ధతిని నేను పదే పదే అడుగుచుంటిని.

దూరమునుండి చూచిన ఒకామి తరువాత నన్ను పిలిచి, అతిథిని అన్ని మార్లు ఎందులకు శ్రమపెట్టితి వనెను. అడుగకముందే గ్రహించుట వారి మర్యాద. మా దేశమున ఒక్కసారి అడుగుట అడుగకుండుటతో సమానమని విన్నవించితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "అట్లయిన మీవారిని మూడుమార్లు అడుగుము" అని నవ్వెను.

పరదేశమునకు పోవు యువతీయువకులారా! మీ విద్యను వెంట గొనిపొండు. మీకు సర్వము తెలియునన్న తలంపును మాత్రము చెప్పులతోపాటు గుమ్మముకడ విడువుడు.